మూస నవల: నేరం ఎవరిది?

సాహిత్య సభలలో వొక తీర్పు తరచుగా వినవస్తుంటుంది. 1960, 70 దశాబ్దాల పాకెట్ నవలలు తెలుగు పాఠకుల అభిరుచిని చెడగొట్టాయట. వాటిని రాసింది స్త్రీలట, చదివిందీ స్త్రీలేనట. కనుక పాపం వారిదేనట! "వంటింటి సాహిత్యం" అన్న ఎత్తిపొడుపు ఇటువంటి తీర్పులో నుంచే పుట్టింది. ఈ మాట అనేవారిలో అభ్యుదయవాదులు కూడా వుండటం విచారకరం. సరుకు తయారుచేసిన వ్యాపారాన్ని వదిలిపెట్టి, కొనుక్కున్న మనిషిని బోనులో నిలబెట్టటం ఏ శాస్త్రీయ దృక్పథమో వారే చెప్పాలి.

ముందు చరిత్ర చూద్దాం. ప్రేమకథను సబ్బుబిళ్ళవలె వొకే మూసలో పోసి అమ్మవచ్చునని లోకానికి చూపింది లండనులోని మిల్స్ అండ్ బూన్ సంస్థ. 1908లో ప్రారంభమైనప్పుడు అది అన్నిరకాల పుస్తకాలూ వేసేది. జాక్ లండన్ రచనలను కూడా ప్రచురించింది. 1930లలో అద్దె గ్రంథాలయాల గిరాకీని గమనించి ప్రేమనవలలకు మళ్ళింది. రచయిత్రి పేరు అడగనక్కరలేదు. గోధుమరంగు అట్ట చూస్తే లోపల ఏమున్నదో చదువరికి తెలిసిపోయేది. కెనడాలో 1949లో పుట్టిన హార్లెక్విన్ సంస్థ దానిని 1971లో కొన్నది. ఆ హార్లెక్విన్‌ను 2014లో హార్పర్ కాలిన్స్ కొన్నది. ఈ కొనుగోళ్ళన్నీ ఆడవారి కన్నీళ్ళతో జరిగినవా, పెట్టుబడితో జరిగినవా?

తెలుగునాట దీనికి దగ్గరగా వచ్చింది ఎమెస్కో. మచిలీపట్నపు ఎం. శేషాచలం అండ్ కంపెనీ పేరును కుదిస్తే వచ్చిన మాట అది. అయితే మన విమర్శకులు దాటవేసే విషయం వొకటున్నది. యద్దనపూడి సులోచనారాణి నవలలను అమ్మిన ఎమెస్కోయే, ప్రాచీన ప్రబంధాలను పండితుల పీఠికలతో చిన్న పుస్తకాలుగా అచ్చువేసింది. పుస్తకం చౌకైనంత మాత్రాన సాహిత్యం చౌకబారు కాదనటానికి ఇంతకన్న సాక్ష్యం ఏమి కావాలి? కాజీపేట–విజయవాడ మార్గంలో, కొత్తగూడెం బొగ్గుగనుల లైను కలిసే మా డోర్నకల్ వంటి జంక్షన్‌లో, బండి మారే వుపాధ్యాయినికీ నర్సుకీ చేతిసంచిలో పట్టే పుస్తకం కావాలి. అటువంటి పుస్తకాన్ని తయారుచేయటం నేరం కాదు. అది ప్రజాస్వామికమైన పని.

మరి మూస ఎక్కడ నుంచి వచ్చింది? గొలుసులో నుంచి వచ్చింది. పత్రికలో సీరియల్, ఆ తరువాత పాకెట్ పుస్తకం, ఆ పైన అద్దె పుస్తకాల షాపు, చివరకు సినిమా. "సెక్రటరీ" 1960ల మధ్యలో "జ్యోతి" మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, పుస్తకమైంది, 1976లో సినిమా అయింది. అంతకు ముందే, 1971లో, కోడూరి కౌసల్యాదేవి "ప్రేమనగర్" తెరకెక్కింది. 1973లో యద్దనపూడి నవలలు "మీనా", "జీవన తరంగాలు" సినిమాలయ్యాయి. వొకే కథను నాలుగుసార్లు అమ్మగలిగినప్పుడు వ్యాపారి కొత్త కథను ఎందుకు కోరుతాడు? కారులో దిగే ధనిక నాయకుడు, అభిమానవతి అయిన పేద నాయిక, వొక అపార్థం, వొక పెళ్ళి. ఈ కొలతలు కుట్టినది రచయిత్రి వొక్కతే కాదు. ఆడపేరుకు గిరాకీ వున్నదని మగవారు సైతం ఆడపేర్లు తగిలించుకున్న రోజులవి!

"సెక్రటరీ"నే పరిశీలించండి. జయంతి అనే యువతి వుద్యోగానికి బయలుదేరింది. చదువుకున్న మధ్యతరగతి ఆడపిల్ల జీతం కోసం గడప దాటటం ఆనాటి సమాజంలో నిజమైన పరిణామం. ఆమెకు ఆఫీసులో గౌరవం దక్కుతుందా? సొంత సంపాదన ఆమెను స్వతంత్రురాలిని చేస్తుందా? వేలాది పాఠకురాళ్ళను కట్టిపడేసినవి ఈ ప్రశ్నలు. నవల ఇచ్చిన జవాబు రాజశేఖరం! ప్రశ్న నిజం, జవాబు అబద్ధం. జీతం సమస్యను పెళ్ళితో పరిష్కరించి వ్యవస్థ జోలికి పోకుండా తప్పించుకున్నది. మన విమర్శకులు ఆ అబద్ధపు జవాబును పట్టుకుని వెక్కిరించారు. నిజమైన ప్రశ్నను మాత్రం విననైనా వినలేదు.

ఇక ప్రచురణకర్తల పక్షాన వాదించేవారు "పాఠకులు అడిగిందే ఇచ్చాం" అంటారు. అదీ నిజం కాదు. రంగనాయకమ్మ "బలిపీఠం" "ఆంధ్రప్రభ" వారపత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. అందులో పెళ్ళి కథకు ముగింపు కాదు, రణరంగం. సంస్కరణ కోసం చేసుకున్న వర్ణాంతర వివాహాన్ని కులాహంకారం ఎట్లా కాల్చివేస్తుందో అది చూపింది. ఆ పాఠకురాళ్ళే దానినీ ఆదరించారు. 1975లో అదీ సినిమా అయింది. కనుక పాఠకురాలికి జీర్ణశక్తి లేదన్నది కట్టుకథ. పైగా 1980ల ఆరంభంలో "తులసిదళం" విజయం చూడగానే బజారు ప్రేమను వదిలి చేతబడి వెంట పరుగెత్తింది. స్త్రీల మనసు మీద అంత గౌరవమే వుంటే అంత సులభంగా దారి మళ్ళుతుందా?

అభ్యుదయ శిబిరానికి సాధనాలు లేవా? 1953 నుంచి విశాలాంధ్ర ప్రచురణాలయం వున్నది. సోవియట్ పుస్తకాలు కారుచౌకగా తెలుగు ఇళ్ళకు చేరాయి. గోర్కీ "అమ్మ"ను చదివించగలిగినవారు, జయంతి జీతం గురించి పదిమంది చేత నవలలు ఎందుకు రాయించలేకపోయారు? బజారు తమ స్థాయికి తగదనుకున్నారు గనుక. వారు ఖాళీ చేసిన చోట మూస వచ్చి కూర్చున్నది.

ఆ చోటు ఈనాటికీ ఖాళీగా లేదు. అద్దె షాపులు మూతపడ్డాయి. ఆ కథ టెలివిజన్ సీరియల్‌లోకి, 2014లో మొదలైన ప్రతిలిపి వంటి వేదికల ద్వారా సెల్‌ఫోనులోకి ప్రవేశించింది. ధనిక నాయకుడు అక్కడ కూడా కారు దిగుతూనే వున్నాడు. మన కాలేజీ అమ్మాయిలు బస్సులో వాటిని చదువుతున్నారు. వారిని వెక్కిరించే వ్యాసం మరొకటి మనకు అక్కరలేదు. వారు ఆ కథలలో వెతుకుతున్న గౌరవం, భద్రత, సొంత సంపాదన, ఇష్టపడినవానిని ఎంచుకునే హక్కు ఇవన్నీ మన కోర్కెల పత్రంలోనివే. వాటిని వారి భాషలో, వారికి అందే ధరలో, వారు చదివే చోటనే చెప్పే రచయితలు రావాలి. పాఠకురాలిని నిందించే విమర్శకుడు, తెలిసో తెలియకో, ఆ వ్యాపారికే కాపలా కాస్తున్నాడు.