డప్పు కాచడమూ విద్యే

స్టూడియోలో డ్రమ్ సెట్‌ని ట్యూన్ చేస్తే నైపుణ్యం అంటారు. డప్పుని సెగకి కాస్తే కులవృత్తి అంటారు. రెండు చోట్లా జరిగేది ఒకటే: పొర బిగువుని మార్చి శ్రుతిని సరిచేయడం. ఆ పేర్లలో తేడా తెచ్చింది శబ్దశాస్త్రం కాదు, కులం.

డప్పు బాగా రికార్డ్ కావాలంటే పని మైకు దగ్గర మొదలవదు, మేకతోలు దగ్గర మొదలవుతుంది. ఒకే తోలులో వెన్ను భాగం మందంగా, పొట్ట భాగం పలచగా ఉంటుంది. పలచటి తోలు చురుగ్గా పలుకుతుంది, మందపాటిది బరువుగా మోగుతుంది. గాట్లు లేని తోలు ఏరి, నానబెట్టి, వెంట్రుకలు తీసి, చెక్క చట్రానికి అన్ని వైపులా సమంగా లాగి కట్టాలి. ఒక పక్క వదులైతే ఒక్కో చోట ఒక్కో శ్రుతి పలుకుతుంది. ఊరేగింపు హోరులో కలిసిపోయే ఆ లోపాన్ని మైకు దాచదు.

తోలు గాలిలోని తేమని పీల్చి వదులవుతుంది. సెగ తగిలితే బిగుస్తుంది. తక్కువ కాస్తే మొద్దుగా పలుకుతుంది, ఎక్కువ కాస్తే పగులుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది వేళ్లూ, చెవీ. సెగకి దూరమైన కొద్దీ శ్రుతి దిగుతుంది కాబట్టి టేకుకీ టేకుకీ మధ్య మళ్లీ కాచుకునే వ్యవధి ఇవ్వాలి. ఆ సమయానికీ కూలి కట్టాలి.

ప్లాస్టిక్ పొర, బోల్టులు ఉన్న డప్పులకి తేమ బెడద లేదు. వాటిని తప్పుపట్టే హక్కు మనకి లేదు. చచ్చిన పశువుల పని మానమని అంబేడ్కరే పిలుపునిచ్చారు. తోలు పని వదిలేయడం ఆత్మగౌరవమే. కానీ తరాలుగా ఆ పనిలో కూడబెట్టిన జ్ఞానాన్ని జ్ఞానంగా నమోదు చేయకపోవడం దోపిడీ.

మృదంగం సంగతీ ఇంతే. దాన్ని తయారుచేసేవాళ్ల మీద టి.ఎం. కృష్ణ రాసిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ ఆవిష్కరణకి ఇచ్చిన అనుమతిని 2020లో కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలు మీద వాయిస్తే శాస్త్రీయం, తోలు గురించి మాట్లాడితే వివాదం!

విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు డప్పు కట్టేవాళ్లనీ, కాచేవాళ్లనీ అధ్యాపకులుగా పిలవాలి. పాట వివరాల్లో సౌండ్ ఇంజనీరు పక్కనే డప్పు కట్టినవాళ్ల పేరూ, వాయించినవాళ్ల పేరూ ఉండాలి. పరిశోధక విద్యార్థులు ‘జానపదం’ అనే గంపగుత్త మాట పక్కన పెట్టి, ఆ పేర్లు అడిగి రాసుకోవడంతో మొదలుపెట్టొచ్చు.