బస్సు ఫిట్‌నెస్ అడిగినట్టే ఇదీ అడగండి



అడ్మిషన్లప్పుడు మీరు మమ్మల్ని వదలరు. స్కూలుకు గుర్తింపు ఉందా, బస్సుకు ఫిట్‌నెస్ ఉందా, హాస్టల్లో రాత్రి ఎవరుంటారు? అడగాల్సిందే. కానీ ఇంట్లో ఒకరు మత్తుకు అలవాటు పడితే, 'మూడు నెలలు మాకు వదిలేయండి, చూడటానికి రాకండి' అనే డీ అడిక్షన్ సెంటర్‌లో ఏ కాగితమూ చూడకుండా దింపి వస్తాం. నలుగురికీ తెలుస్తుందని భయం.

మత్తంటే గంజాయి, కల్లే కాదు. నొప్పికి రాసే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా ఓపియాయిడ్లే. ట్రమడాల్‌ను 2018లోనే మత్తుమందుల చట్టం కిందకు తెచ్చారు. వీటిని మాన్పించడానికి బుప్రెనార్ఫిన్ లాంటి మందులున్నాయి, అవి డాక్టర్ పర్యవేక్షణలోనే ఇవ్వాలి. గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. పైగా కొన్నాళ్లు మానిన ఒళ్లు పాత డోసును తట్టుకోలేదు. ఇంటికొచ్చాక ఒక్కసారి పాత లెక్కన వేసుకున్నా ప్రాణం పోవచ్చు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందకు మత్తు సమస్యలూ వస్తాయి. కాబట్టి మనుషులను చేర్చుకుని ఉంచుకునే సెంటర్ రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీలో రిజిస్టర్ కావాలి. అయితే మొదట ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్‌కు ముందుగా తనిఖీ అక్కర్లేదు. దాని గడువు 12 నెలలు. అందుకే గోడ మీది ఫ్రేమ్ చూసి సరిపెట్టుకోవద్దు, తాత్కాలికమా కాదా, తేదీ ఏంటి, చదవండి. సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తారో అడగండి. ఫిర్యాదు వినే రివ్యూ బోర్డు ఫోన్ నంబర్ అక్కడ కనబడేలా పెట్టాలి, అదీ చట్టమే.

18 ఏళ్లు నిండని పిల్లలకైతే నిబంధన ఇంకా గట్టిది. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. తల్లిదండ్రులో, వాళ్లు పెట్టిన మనిషో అక్కడున్నన్నాళ్లూ పక్కనే ఉండాలి. గొలుసులతో కట్టడం ఏ వయసు వారికీ కుదరదు. మైనర్‌ను చేర్చుకుంటూ 'మీరు రాకండి' అన్నారంటే బిడ్డను తీసుకుని వెనక్కి వచ్చేయండి.

ఇదంతా తల్లిదండ్రులే కనుక్కోవాలనడం నాకైతే న్యాయంగా అనిపించదు. రిజిస్టరైన సెంటర్ల పేర్లు గడువు తేదీలతో సహా తెలుగులో ప్రతి కలెక్టరేట్ ముందూ రాసిపెట్టాలి. అదేమంత ఖర్చు?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ముందు వాటి ఆస్పత్రిలోనో, వరంగల్ ఎంజీఎంలోనో సైకియాట్రీ ఓపీ అడగండి. ఫోన్‌లో మాట్లాడాలంటే డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416 ఉన్నాయి. పిల్లల విషయమైతే సెలవు చీటీలో కారణం రాయనక్కర్లేదు, క్లాస్ టీచర్‌కు విడిగా చెప్పండి చాలు.