ఎర్ర లైన్లు: ముందు చదవండి, తర్వాతే చెరపండి

మొన్న శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి నందిగామ నుంచి మా బాబాయిగారబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, రిస్టోర్ అవట్లేదు. పొద్దున తొమ్మిదికల్లా ప్రాజెక్ట్ పంపాలి. లాప్‌టాప్ పట్టుకుని పేటకి వచ్చెయ్యనా?"

వాడి బీటెక్ అయిపోయి ఏడాది దాటింది. ఒక కంపెనీ ఇంటర్వ్యూకి ముందు ఇంట్లో చేసి పంపమని చిన్న డాట్‌నెట్ ప్రాజెక్ట్ ఇచ్చింది. కోడ్ దించుకుని రన్ కొట్టగానే స్క్రీన్ నిండా ఎర్ర లైన్లు. తను రాయాల్సిన కోడ్‌లో ఇంకా ఒక్క అక్షరం కూడా రాయలేదు.

"ఇప్పటిదాకా ఏం చేశావ్?"

"నెట్‌లో చెప్పినవన్నీ చేశా. క్యాచీ మొత్తం క్లియర్ చేశా. ఫోల్డర్ తీసేసి మళ్లీ దించా. ఇప్పుడు విజువల్ స్టూడియో కూడా తీసేసి మళ్లీ వేద్దామని..."

"ఆగరా బాబూ! మొదటి ఎర్ర లైన్లో ఏముందో చదువు."

కాసేపు మాటల్లేవు. ఆ లైను వాడు అప్పటిదాకా చదవనే లేదు.

అసలు రిస్టోర్ అంటే ఏంటంటే... మనం ప్రాజెక్ట్ దించుకున్నప్పుడు అందులో వాడిన ప్యాకేజీలు సాధారణంగా రావు, వాటి పేర్లు, వెర్షన్లు ఉన్న చీటీ మాత్రమే వస్తుంది. ఆ చీటీ పట్టుకెళ్లి సరుకు తెచ్చే పనే రిస్టోర్. డాట్‌నెట్‌లో ఆ పని చేసేది నూగెట్. సరుకు రాకపోతే ఎందుకు రాలేదో ఒక నంబరు వేసి మరీ చెబుతుంది.

పేటలో కిరాణా కొట్టు నడిపే ఆయన బెజవాడకి చీటీ పంపాడనుకోండి. "ఈ పేరుతో సరుకే లేదు" అని జవాబొస్తే అది ఎన్‌యూ1101. పేరు తప్పు రాసుండొచ్చు, లేదా ఆ సరుకు దొరికే కొట్టు అడ్రస్ మన లిస్టులో లేకపోవచ్చు. "సరుకుంది గానీ మీరడిగిన రకం లేదు" అంటే ఎన్‌యూ1102, అంటే వెర్షన్ తేడా. అసలు కొట్టు దాకా వెళ్లలేకపోతే ఎన్‌యూ1301. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకి నీళ్లొచ్చాయి, గుర్తుందా? అప్పుడు బెజవాడలో సరుకు ఉన్నా పేటకి ఎలా వస్తుంది? చీటీ ఎన్నిసార్లు తిరగరాసినా లాభం లేదు, చూడాల్సింది రోడ్డు.

మావాడిది ఎన్‌యూ1301. "డాట్‌నెట్ నూగెట్ లిస్ట్ సోర్స్" అనే కమాండ్ కొట్టమన్నాను. రెండు అడ్రసులు వచ్చాయి. ఒకటి అందరూ వాడే నూగెట్ డాట్ ఆర్గ్. రెండోది కిందటేడు ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసు వాళ్ల సొంత సర్వర్. ఆ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే తప్ప అది పలకదు. ఇంటర్న్‌షిప్ అయిపోయినా అడ్రస్ మాత్రం లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. లిస్టులో ఒక్క సోర్స్ పలక్కపోయినా నూగెట్ మామూలుగా రిస్టోర్ మొత్తాన్ని ఆపేస్తుంది. "డాట్‌నెట్ నూగెట్ డిజేబుల్ సోర్స్" కొట్టి, పక్కన దాని పేరు ఇస్తే ఆ గొడవ తీరింది. అంతా కలిపి నాలుగు నిమిషాల పని.

కానీ అక్కడితో అయిపోలేదు. నూగెట్ ఒకసారి తెచ్చిన ప్యాకేజీని మన లాప్‌టాప్‌లోనే దాచిపెడుతుంది. అదే వెర్షన్ మళ్లీ కావాల్సొస్తే నెట్ జోలికి వెళ్లకుండా అక్కణ్నుంచే తీసిస్తుంది. అంటే అది మన ఇంట్లో గోడౌన్ అన్నమాట. ఏడాదిగా ప్రాక్టీస్ చేస్తూ పోగేసుకున్న ఆ గోడౌన్‌ని, క్యాచీ క్లియర్ పేరుతో వాడే ఖాళీ చేసుకున్నాడు. ఇప్పుడు అన్నీ మళ్లీ దించాలి. నెట్ ఏమో ఫోన్ హాట్‌స్పాట్, రోజుకి 1.5 జీబీ. పొద్దుట్నుంచీ అవీ ఇవీ మళ్లీ మళ్లీ దించడంలో అదీ అయిపోయింది. స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోయింది. ఇక రాత్రి పన్నెండింటికి డేటా మళ్లీ వచ్చేదాకా కూర్చోవడమే.

ఆ ఖాళీలో మెల్లగా అన్నాడు, "నాకు ఈ ఫీల్డ్ పడదేమో అన్నా."

నాకు కోపం రాలేదు, బాధేసింది. నా మొదటి ఉద్యోగంలో ఇలాంటి దాంతోనే రెండు రోజులు పోగొట్టుకుని నేనూ అదే అనుకున్నాను. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో ప్రోగ్రాములు రాయించారు గానీ, ఎర్రర్ చదవడం అనేది ఒక పని అని ఎవరూ చెప్పలేదు. ఎర్రరంటే తిట్టు అనుకుంటాం. నిజానికి అది దారి చెప్పే బోర్డు.

కాబట్టి ఈ వారం నా మాట ఇదీ. రిస్టోర్ ఫెయిలైతే మొదటి లైను చదవండి, నంబరు రాసుకోండి. తర్వాత సోర్సుల లిస్టు చూడండి. ఆఫీసు వీపీఎన్, కాలేజీ వైఫై ప్రాక్సీ అడ్డమేమో చూడండి. పేరు, వెర్షన్ సరిచూడండి. క్యాచీ క్లియర్ అన్నిటికంటే చివర. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగయిందో మీకే తెలీదు.

ప్రాజెక్ట్ మీరు ఇంకొకరికి పంపేవాళ్లయితే, అందులోనే ఒక నూగెట్ కాన్ఫిగ్ ఫైలు పెట్టి, పాత సోర్సులన్నీ క్లియర్ చేసి కావాల్సినవే రాయండి. ప్యాకేజీల లాక్ ఫైలు కూడా జతచేస్తే అవతలివాళ్లు కూడా అవే వెర్షన్లు దించుకునేలా చూసుకోవచ్చు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచంలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. నూగెట్ డాట్ ఆర్గ్‌లో అయితే పెట్టినవాళ్లు కూడా ప్యాకేజీని పూర్తిగా చెరపలేరు, లిస్టులో కనపడకుండా మాత్రం చెయ్యగలరు. అంటే సరుకు చాలావరకు అక్కడే ఉంటుంది. మనం చూసుకోవాల్సింది అడ్రస్, దారి.

మావాడికి పన్నెండుంపావుకి రిస్టోర్ అయింది. రాత్రంతా కూర్చుని పొద్దున 8.40కి పంపాడు. రిజల్ట్ ఇంకా రాలేదు. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, వేరే ప్రాజెక్ట్, వేరే ఎర్రర్. ఈసారి హలో కూడా అనకుండా ముందు నంబరు చదివాడు.