దిబ్బ చదునయ్యేలోపే లైడార్‌తో చూడాలి

జీఎస్-1 చరిత్రనూ జీఎస్-3 టెక్నాలజీనీ కలిపే అంశం ఇది.

మా ఖరగ్‌పూర్ నుంచి బాలాసోర్ వెళ్లే దారిలో, దాంతన్ దగ్గర మొగల్‌మారి అనే ఊరుంది. అక్కడి దిబ్బను 2003-04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అశోక్ దత్తా నాయకత్వంలో తవ్వితే పెద్ద బౌద్ధ విహారం బయటపడింది. మన తెలుగు ఊళ్లలోనూ పాటిదిబ్బలున్నాయి. సారమని పాటిమన్ను పొలాలకు తోలేస్తే దాంతోపాటు చరిత్రా పోతుంది. అమరావతి దీపాలదిన్నెను 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే కట్టడాల కోసం ఇటుకలు, రాళ్లు తవ్వేస్తున్నారు.

విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, తిరిగొచ్చే సమయాన్నిబట్టి నేల ఎత్తు కొలవడమే లైడార్. ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకుతాయి. చెట్ల బిందువులు తీసేస్తే ఉత్త నేల మిగులుతుంది. కంబోడియాలో 2012 సర్వే అడవి కింద మహేంద్రపర్వత నగర వీధుల జాడలు చూపింది ఇలాగే.

అయితే బొమ్మ తయారీలోనే అసలు పని ఉంది. ఒకే దిక్కు నుంచి వెలుగు వేసి నీడలు గీస్తే, ఆ వెలుగుకు సమాంతరంగా ఉన్న గట్టు కనిపించదు. అందుకే పలు దిక్కుల వెలుగుతో చూడాలి. ప్రతి బిందువు నుంచి ఎంత ఆకాశం కనిపిస్తుందో లెక్కగట్టే స్కై-వ్యూ ఫ్యాక్టర్‌తో గుంటలు, కందకాలు తేలతాయి. నేల సహజ వాలును తీసేస్తే చిన్న మిట్టలు తెలుస్తాయి. ఆ తర్వాత కాలినడకన వెళ్లి సరిచూడాల్సిందే. పాత ఇటుక బట్టీ కూడా బొమ్మలో స్తూపంలాగే కనిపించవచ్చు.

2022 జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి దేశమంతటికీ ఎత్తుల నమూనా లక్ష్యంగా పెట్టుకుంది: మైదానాల్లో 25 సెంటీమీటర్లు, కొండల్లో 1–3 మీటర్ల స్థాయి. వరదలకూ రోడ్లకూ వాడే ఈ డేటాను పురావస్తు శాఖలకూ విశ్వవిద్యాలయాలకూ తప్పనిసరిగా ఇవ్వాలి. అదీ తుది బొమ్మ కాదు, మూల బిందువులే ఇవ్వాలి. మోకాలెత్తు గోడ 1–3 మీటర్ల నమూనాలో దొరకదు కాబట్టి నల్లమల వంటి చోట్ల విడిగా సర్వే చేయాలి.

గుప్తనిధుల వేటగాళ్లకు దారి చూపినట్టవుతుందన్న భయం న్యాయమైనదే. కాబట్టి ముందు రక్షణ, తర్వాతే ప్రచురణ. కానీ ఆ భయంతో అసలు చూడకుండా ఉంటే జేసీబీ ఆగదు. తవ్వకం ఆలస్యమైనా ఫర్వాలేదు, నమోదు ఆలస్యం కాకూడదు.

సాధన ప్రశ్న: పురావస్తు వారసత్వ పరిరక్షణలో లైడార్ ఉపయోగాలు, పరిమితులను చర్చించండి. (150 పదాలు)