చెప్పినదే చెప్పుట

బొగ్గుబాయి ప్రక్కనున్న యొక గ్రామమున ఓపెన్‌కాస్టు విస్తరణకై జరిగిన ప్రజాభిప్రాయసేకరణకు పోయి, ఉదయము పది గంటలు మొదలుకొని సాయంకాలము వరకు షామియానా క్రింద కూర్చుండి, వక్తలందఱి మాటలను విని, ఇల్లు చేరిన పిదప చేతిలోని కాగితములను విప్పి చూచుకొనగా, నలుబదిమందికి పైగా మాటలాడిన యా దినమున నేను వ్రాసికొన్న విషయములు ఏడు మాత్రమే యని తేలినది. మొదటి నలుగురైదుగురు చెప్పినదానినే తరువాతివారు చెప్పిరి. వేదికమీది పెద్దలను పేరుపేరున సంబోధించుటలోనే కొందఱి కాలము సగము గడచిపోయినది. గని రావలెనను వారును, రాగూడదను వారును, తమకు ముందు మాటలాడినవారితో నేకీభవించుచున్నామని చెప్పియు, ఆ మాటలనే మరల మొదటినుండి యెత్తుకొనిరి.

మూడు గంటలు దాటిన పిదప మైకు ఒక ముసలమ్మ చేతికి వచ్చినది. ఊడిపడిన గోడపెచ్చు నొకదానిని కొంగున మూటగట్టి, ఒడిలో పెట్టుకొని, ఆమె యుదయమునుండి మూడవ వరుసలో కూర్చుండియుండుట నేను చూచుచునేయుంటిని. "బ్లాస్టింగుకు మా ఇంటి గోడ పగిలింది సారూ" అని యామె యారంభించినంతనే, వేదికమీదినుండి అలసిన కంఠముతో, "ఇది అందరు చెప్పిందేనమ్మా, కొత్తదేమన్న ఉంటే చెప్పు" అను మాట వచ్చినది. ఆమె తడబడలేదు. "పాతదే సారూ. పోయినసారి గూడ చెప్పిన, మీరు రాసుకున్నరు. కాలే గన్కనే మళ్ల చెప్తున్న" అనినది.

ఆ మాట వారము దినములుగా నన్ను వెంటాడుచున్నది. ఉదయమునుండి ఒకే మాటను ముప్పదిమార్లు వినిన యధికారి విసుగును నే నర్థము చేసికొనగలను, నేనును విసిగితిని. కాని యా విసుగు, దండ వేయించుకొన్నంత తీరికగా మాటలాడి దిగిపోయినవారి యెడ చూపబడక, ఐదు గంటలకు పైగా తన వంతుకై వేచియున్న యామె యెడ చూపబడినది. పునరుక్తిని నివారింపబూనిన సభలలో తఱచుగా జరుగున దిదియే: బలవంతుని పునరుక్తి ఉపన్యాసముగ చెల్లిపోవును, బలహీనుని పునరుక్తి మాత్రము అడ్డగింపబడును.

వ్యర్థమైన పునరుక్తికిని, ప్రయోజనముగల పునరుక్తికిని గల భేదము మన పూర్వులకు తెలియును. గౌతముని న్యాయసూత్రములు చర్చను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగ విభజించినవి: తత్త్వము తెలియగోరి చేయునది వాదము, గెలుపే కోరి చేయునది జల్పము, తన పక్షమేదియు నిలుపక ఎదుటి పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. చర్చలో నోటమికి హేతువులగు నిగ్రహస్థానములను ఆ గ్రంథమే 22గా లెక్కించి, ప్రస్తుతముతో సంబంధము లేని మాటను అర్థాంతరమనియు, చెప్పినదే చెప్పుటను పునరుక్తమనియు పేర్కొని, రెంటిని దోషములలో చేర్చినది. ఐనను, పునరుక్తమును దోషమని చెప్పిన సూత్రమే అనువాదమును దానినుండి మినహాయించినది. ఇచట అనువాదమనగా ఒక భాషనుండి మఱియొక భాషలోనికి మార్చుట కాదు, ప్రయోజనముండి మరల చెప్పుట. త్వరగా నడువుము, త్వరగా నడువుము అని హెచ్చరించువాని రెండవ మాట వ్యర్థము గాదనియు, మొదటి మాటలో లేని తొందర అందు కలదనియు శాస్త్రకారులు దృష్టాంతము చూపిరి. ముసలమ్మ చెప్పినది ఆ రెండవ మాట. ఆమెకు తర్కశాస్త్రము తెలియకపోవచ్చును గాని, "కాలే గన్కనే" అను ఒక్క పలుకుతో ఆ మినహాయింపు యొక్క సారమును ఆమె సభకు తెలిపినది.

తెలంగాణమున సభలో నిలిచి మాటలాడు హక్కు సులభముగ లభించినది కాదు. నిజాము కాలమున బహిరంగసభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనని శాసించిన గష్తీ నిషాన్ 53ను మన పెద్దలెవ్వరును మఱువలేదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కారసభయందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా, సభికులు గేలిచేసి యాయన నోరు మూయించిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ పిదప 1930లో జోగిపేటతో నారంభమైన ఆంధ్రమహాసభలు, 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతన మా కరీంనగరు సీమలోని సిరిసిల్లకు వచ్చినవి. వెట్టి తొలగవలెననియు, మాతృభాషలో విద్య నేర్పవలెననియు ఆ సభలు చేసిన తీర్మానములను వరుసగా చదువువారికి, ఏటేట అదే మాట వచ్చుచున్నదే యను భావము కలుగవచ్చును. వెట్టి పోలేదు, కావున మాట మరల వచ్చినది. ఆ తీర్మానములను పునరుక్తులని త్రోసివేయుటకు మన కెవ్వరికిని నోరు రాదు.

ఇక నేటి నిబంధనల మాట. లోక్‌సభ నియమావళిలోని 356వ నియమము, అప్రస్తుతమును విసుగుపుట్టించు పునరుక్తిని విడువని సభ్యుని ప్రసంగము నాపివేయుటకు స్పీకరున కధికార మొసగుచున్నది. 338వ నియమము, ఒక సమావేశకాలమున సభ నిర్ణయించిన విషయమునే సారాంశమున మరల తీర్మానముగ తేరాదనుచున్నది. ఈ రెండింటిలో రెండవది నాకు మిక్కిలి సమంజసముగ తోచుచున్నది. ఏలయన నిర్ణయము ముందు, నిషేధము తరువాత. జవాబు చెప్పిన పిదపనే ప్రశ్నను మూయు నధికారము కలుగును.

శ్రీరాంపూర్, మందమర్రి, ఇందారం వంటి చోట్ల ఓపెన్‌కాస్టులు త్రవ్వుచున్న ఈ మంచిర్యాల జిల్లాలో ప్రజాభిప్రాయసేకరణ సభలు క్రొత్తవి కావు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనము వీనికి ఆధారము. ముప్పది దినములకు తక్కువగాని గడువుతో ముందుగా తెలియజేయవలెను. జరిగినదంతయు వీడియో తీయవలెను. ప్రజలు వెలిబుచ్చిన యభిప్రాయముల సంగ్రహమును సభాంతమున స్థానికభాషలో చదివి వినిపింపవలెను. మంచి నియమములే యివి. కాని చదువుట యంతమున నున్నది గాని ఆదిలో లేదు. గతసభలో ఎవరేమి యడిగిరి, దేనికి ఏ జవాబు వచ్చినది, దేనికి రాలేదు అను పట్టికను సభారంభమున అరగంట చదివినచో, ఆ ముసలమ్మ మైకు పట్టి "పోయినసారి గూడ చెప్పిన" అనవలసిన యవసరమే యుండదు. ఆమె చెప్పకమున్నే ఆ కాగితము చెప్పియుండును. గ్రామసభలకును ఇదియే వర్తించును. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము రెండు నెలల కొకమారైన గ్రామసభ జరుపవలెననుచున్నది. వెనుకటి సభ పుస్తకమును ముందుగా తెఱచినగాని రాబోవు సభకు జ్ఞాపకశక్తి యబ్బదు. సోమవారము అర్జీలు స్వీకరించు ప్రజావాణికి వచ్చువారిని చూడుడు: క్రొత్త దరఖాస్తునకు పాత రసీదులు మూడు నాలుగు గుండుసూదితో గ్రుచ్చి తెచ్చుచున్నారు. సభకు లేని జ్ఞాపకశక్తిని వారు తమ చేతిసంచిలో మోసికొని తిరుగుచున్నారు.

మనిషికి మూడు నిమిషము లని కొందఱు మిత్రులు సూచించుచున్నారు. అది యవసరమే గాని చాలదు. దానికంటె మేలైన యుపాయము మా చిన్ననాట కులపెద్దల కూటములలో నేను కన్నులార చూచితిని. ఒకడు తన మాట చెప్పి ముగింపగానే, పెద్దమనిషి లేచి, "గీ మాటే చెప్పెటోళ్లు ఇంకెందరున్నరు? చేతులెత్తుండ్రి" అనెడివాడు. చేతులు లెక్కించి, లెక్క నందఱకు వినిపించి, "ఇగ వేరే మాట ఉన్నోళ్లు రాండ్రి" అని వెనుక వరుసవైపు చూచెడివాడు. ఆ విధమున పునరుక్తి బలము పోదు, పునరుక్తికి పట్టు కాలము మాత్రము మిగులును. గోడలు పగిలినవని నూటయిరువదిమంది చేతులెత్తుట ఒక సాక్ష్యము. ఆ నూటయిరువదిమందికి బదులుగా పదిమంది నాయకులు గంటన్నర మాటలాడుట సాక్ష్యము కాదు. ఆ మిగిలిన గంటన్నరలో, ఏ సభలోను ఇంతవరకు నోరు విప్పనివారు, ముఖ్యముగ ఆడవారు, తమ తమ యింటి మాటను చెప్పుకొనవచ్చును.

ఆనాటి సభ ముగియునప్పటికి ఐదు గంటలు దాటినది. బస్సు వేళయైనదని అనేకులు లేచిపోగా, సగము కుర్చీలు ఖాళీయైనవి. ఒక యువకుడు సంగ్రహమును చదువసాగెను. "ఇండ్ల గోడలకు పగుళ్ళు వచ్చుచున్నవని పలువురు తెలిపిరి" అను వాక్యము వచ్చినంతనే ముసలమ్మ లేచి నిలిచి, దానిని మరల చదువుమనెను. అతడు చదివెను. "అండ్ల నా ఇంటి నంబరు లేదు బిడ్డా" అనినది. అతడు వేదికవైపు చూచెను; అధికారి తలయూపెను. అప్పుడామె వేదికయొద్దకు నడిచిపోయి, కొంగుముడి విప్పి, గోడపెచ్చును బల్లమీద నుంచి, అతడు వ్రాయుచుండగా ఒక్కొక్క అంకెను నెమ్మదిగా చెప్పి, వ్రాసినదానిని వ్రేలితో చూపించుకొని, మఱియొకమారు చదివించుకొనెను.