అరుగుమీది ముచ్చట్లు: ఈ వేసవికి ఎక్కడికి?

వేసవి వచ్చిందంటే మా బరంపురంలో ప్రతి తెలుగింటా రెండు హడావిళ్లు మొదలవుతాయి. ఒకటి ఆవకాయది, రెండవది ప్రయాణాలది. ఆవకాయ విషయంలో మా ఇంట్లో మా మాట ఏనాడూ చెల్లలేదు. ప్రయాణాల విషయంలో మాత్రం చెల్లుతుందని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాము. ఆ భ్రమ ఈ ఏడు ఎలా తీరిందో పాఠకులకు మనవి చేసుకుంటాము.

మా ఎదురింటివారి అమ్మాయి బళ్లో పంతులమ్మ. ఐదేళ్ల క్రితం భర్తతో విడిపోయింది. ఇద్దరూ ఒప్పుకునే కోర్టుకు వెళ్లారు. తిట్లూ లేవు, శాపనార్థాలూ లేవు. తొమ్మిదేళ్ల పిల్లవాడు తల్లి దగ్గర పెరుగుతున్నాడు. అబ్బాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి వచ్చి కొడుకును చూసి వెళ్లేవాడు. వచ్చినప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. మా అరుగు మీదే కూర్చుని, మేమిచ్చిన కాఫీ తాగి, పిల్లవాణ్ణి తీసుకుని బజారుకు పోయేవాడు. ఈ కథ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాము.

మొన్న చలికాలంలో పిల్లవాడికి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. తండ్రి ఆ రాత్రి రైలుకే వచ్చాడు. మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో బల్ల మీదే పడుకున్నాడు. నాలుగవనాడు అమ్మాయి ఇంటి నుంచి క్యారియరు తెస్తూ రెండు పళ్లాలు తెచ్చింది. ఆ తరువాత పిల్లవాడి ఆరోగ్యం అడగడానికని ఫోన్లు మొదలయ్యాయి. పిల్లవాడు బాగుపడ్డాక కూడా ఫోన్లు ఆగలేదు.

చివరికి ఒకనాడు అతను, “ఈ సెలవుల్లో ముగ్గురం ఎక్కడికైనా వెళ్దామా?” అని అడిగాడు.

ఆ సంగతి బయటికి పొక్కడంతో రెండిళ్లలోనూ పంచాయితీ మొదలైంది. సింహాచలం వెళ్లి అప్పన్న సన్నిధిలో దండలు మార్చేసుకోమని అమ్మాయి తల్లి. ముందు పూరీ వెళ్లి జగన్నాథుడికి మొక్కు తీర్చమని అబ్బాయి తల్లి. మేము కూడా మా వంతు సలహా సిద్ధం చేసుకున్నాము. రెండు వైపుల పెద్దలూ వెంట ఉండి, అందరూ కలిసి ఒక బండి మాట్లాడుకుని వెళితే మాటా మాటా కలుస్తుందని మా ఆలోచన.

అది చెప్పగానే అమ్మాయి మొహం మాడిపోయింది. “పెదనాన్నగారూ, మా పెళ్లయిన కొత్తలో పూరీ అలాగే వెళ్లాము. పన్నెండుమందిమి. సముద్రం ఎదురుగా ఉండగా మూడు రోజులు సత్రంలో సామాన్లకు కాపలా కూర్చున్నాను. ‘నువ్వూ వస్తావా?’ అని ఒక్కరూ అడగలేదు. ఆయనా అడగలేదు” అంది.

మా ఇల్లాలు మావైపు చూసి, “మీరు కాసేపు ఊరుకోండి” అని, అమ్మాయిని అడిగింది: “సరే తల్లీ, ఇప్పుడు నీకు ఎక్కడికి వెళ్లాలని ఉంది?”

అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. ఆ పైన, “నాకు తెలియదు పెద్దమ్మా. నన్నెవరూ ఇంతవరకు అడగలేదు” అని కళ్లు తుడుచుకుంది.

పాఠకులారా, ఐదేళ్ల క్రితం ఆ సంసారం విచ్చిపోతున్నప్పుడు “సర్దుకుపో అమ్మా” అని పదిసార్లు చెప్పినవారిలో మేమూ ఒకరము. అసలేమి జరిగిందని అడిగినవారిలో మాత్రం మేము లేము. ఆ సాయంత్రం మాకు అది బాగా గుర్తుకు వచ్చింది.

ఇలాంటి ఇళ్లు మన సమాజంలో ఇప్పుడు అక్కడక్కడా ఉన్నాయి కనుక, ఆనాడు అరుగు మీద తేలిన నాలుగు మాటలు ఇక్కడ పెడుతున్నాము.

మొదటిది, పాత గాయం ఉన్న చోటికి తొలి ప్రయాణం వద్దు. పూరీ మహాక్షేత్రమే, కాదనము. ఆ అమ్మాయికి మాత్రం పూరీ అంటే సామాన్ల మూటలే జ్ఞాపకం. దానికి తోడు జ్యేష్ఠ పౌర్ణమి స్నానయాత్ర తరువాత పదిహేను రోజులపాటు అక్కడ స్వామి దర్శనం ఉండదు. ఆ సంగతి తెలియక వెళ్లి ఉసూరుమని తిరిగివచ్చే వారిని ఏటా చూస్తూనే ఉన్నాము.

రెండవది, ముందు ఒక పూట ప్రయాణం, తరువాతే రాత్రి బస. మనకు దగ్గరలో గోపాలపురం సముద్రం ఉంది, రంభ దగ్గర చిలక సరస్సు ఉంది. పొద్దున్న బయలుదేరితే దీపాలవేళకు ఇల్లు చేరవచ్చు. మాటలు కుదిరితే సంతోషం, కుదరకపోతే ఎవరింటికి వారు. వలస పక్షుల కోసమైతే చిలకకు చలికాలంలో వెళ్లాలి. వేసవిలో నీళ్లూ పడవా గాలీ చాలనుకోవాలి. ఎండెక్కకముందే పడవ ఎక్కాలి.

మూడవది, పిల్లవాడికి లేని ఆశ పెట్టరాదు. “అమ్మా నాన్నా మళ్లీ ఒకటైపోతారు” అని ముందే చెప్పి, రేపు కాకపోతే ఆ పసివాడికి రెండవసారి ఇల్లు విరిగినట్టే. “ముగ్గురం కలిసి ఊరు చూసి వద్దాము” అన్నంతవరకు నిజం. నిజం ఎంతవరకో అంతవరకే చెప్పాలి.

నాలుగవది చట్టం సంగతి. ఇది మా ప్లీడరు మిత్రుడు చెప్పినది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులు పొందే వీలు 1976లో చేరింది. అలా డిక్రీ పొందినవారు మళ్లీ ఒకరినొకరు పెళ్లాడడానికి అభ్యంతరమేమీ లేదు. అయితే కలిసి ఉన్నంతమాత్రాన పాత పెళ్లి తిరిగి బతకదు. తిరిగి పెళ్లి చేసుకోవాలి, రిజిస్టరు చేయించుకోవడం మేలు. కోర్టు ఇచ్చినది విడాకులు కాక, వేరుగా ఉండేందుకు ఇచ్చే న్యాయిక వేర్పాటు అయితే వేరు సంగతి. అందులో వివాహబంధం తెగదు. కోర్టుకు దరఖాస్తు పెట్టి ఆ ఉత్తర్వును రద్దు చేయించుకోవచ్చు. తమ చేతిలో ఉన్న కాగితం ఏదో ముందు చూసుకోవాలి.

ఇక జరిగింది చెబుతాము. ఏప్రిల్ చివర ఒక ఆదివారం ముగ్గురూ రంభ వెళ్లి పడవ ఎక్కి వచ్చారు. ఆ రోజు పెద్దగా మాట్లాడుకోలేదట. అయినా అమ్మాయి ఎండ తగిలిన మొహంతో నవ్వుతూ దిగింది. పదిహేను రోజులకు తనంతట తానే, “కొండలు చూడాలని ఉంది” అని అతనితో చెప్పింది.

కంధమాల్ జిల్లాలో ఉన్న దారింగబాడియా, లేక అరకా అన్న చర్చ రెండు రోజులు సాగింది. దారింగబాడి కాఫీ తోటలూ మిరియాల పాదులూ ఉన్న చల్లని చోటే, కానీ ఘాటు రోడ్డు మీద కారులో పిల్లవాడికి వాంతులు. అరకుకు విశాఖ నుంచి రైలుంది. 2017 నుంచి దానికి అద్దాల పైకప్పు గల పెట్టె కూడా తగిలించారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయ. దారిలోనే బొర్రా గుహలు. చివరికి అరకు ఖాయమైంది. గదులు రెండు తీసుకున్నారు, తల్లికీ కొడుక్కీ ఒకటి, అతనికొకటి. బంధువులెవరూ వెంట లేరు. రెండిళ్ల తల్లులూ వారం రోజులు అలిగారు.

తిరిగివచ్చాక పిల్లవాడు మా అరుగెక్కి యాత్రా విశేషాలు చెప్పాడు. సొరంగాలు లెక్కపెడుతూ మధ్యలో నిద్రపోయి లెక్క తప్పాడట. గుహల్లో గబ్బిలాలు చూశాడట. “ఇంకేమిటిరా?” అంటే, “నాన్న అమ్మను ‘కిటికీ పక్కన కూర్చుంటావా?’ అని అడిగాడు. అమ్మ కూర్చుంది. సామాన్లు నాన్నే చూసుకున్నాడు” అన్నాడు. వాడికి అదొక విశేషమని తెలియదు. మాకు తెలుసు.

మళ్లీ పెళ్లి మాట ఇంకా తేలలేదు. అమ్మాయి తొందరపడటం లేదు. అతనూ తొందరపెట్టడం లేదు. ఈసారి మేము కూడా ఏమీ అడగలేదు. అతను వచ్చినప్పుడు మాత్రం కాఫీ మా అరుగు మీద కాక ఎదురింటి వసారాలో తాగుతున్నాడు. మాకు ఒక కాఫీ ఖర్చు తగ్గింది.

ఇంతకూ, పెళ్లయిన నలభై ఏళ్లలో మేము మా ఇల్లాలిని ఆ ప్రశ్న అడగలేదని ఈ సందర్భంలోనే స్ఫురించింది. మొన్న రాత్రి భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగాము: “ఈ వేసవికి నీకు ఎక్కడికి వెళ్లాలని ఉంది?” అని.

ఆమె మజ్జిగ వడ్డిస్తూ ఆగి, మా మొహం పరీక్షగా చూసి, “ఆలోచించి చెబుతాను” అంది.

ఇంకా ఆలోచిస్తూనే ఉంది. మేము పెట్టె సర్ది సిద్ధంగా ఉన్నాము.