మస్టాంగ్‌కు పళ్ళు చూడాల

ఎంఎస్‌కు పోయిన మన సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదటి సెమిస్టర్ అయిపోగానే ఒక తగువు మొదలవుతుంది. సెకండ్ హ్యాండ్ కారు ఏది కొనాల? ఒక వర్గానిది ఒకటే మాట: "కరోలా, లేదంటే సివిక్. ఇంకేం ఆలోచించొద్దు." రెండో వర్గం మాట్లాడదు, నల్ల మస్టాంగ్ బానెట్ మీద చెయ్యి వేసి ఫోటో పెడుతుంది. ఆ ఫోటోకు వచ్చే లైకులు చూసి ఇంకో పదిమంది జూనియర్లు కలలు కంటారు.

నేను ఈ రెండు వర్గాల్లో లేను. మస్టాంగ్ కొనచ్చు అనే అంటాను. అయితే ఆ పేరు మీద అరవై ఏళ్ళలో ఏడు తరాల కార్లు వచ్చినాయి. ఒక తరం ఇంజన్ ఇంకో తరంలో లేదు, ఒకదాని జబ్బు ఇంకోదానికి రాదు. "మస్టాంగ్ ఎంతకొస్తుంది?" అని అడగడం "ఎద్దు ఎంతకొస్తుంది?" అని అడిగినట్టే.

అమెరికా చూడనోడివి నీకెందుకు అంటారేమో. నిజమే, మా కొత్తపల్లె నుంచి నంద్యాలకో ఆళ్ళగడ్డకో పోవడమే నాకు ప్రయాణం. కానీ డల్లాస్ దగ్గర చదువుతున్న మా పెద్దనాయన కొడుకు రెండు నెలల నుంచి నాకు కార్ల ఫోటోలు పంపుతున్నాడు. "మెకానికల్ చదువుతాండావు కదరా, చూసి చెప్పు" అంటాడు. ఆ చదువుకు తెచ్చిన లోనుకు మా పెద్దనాయన పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. కాబట్టి నేను ఊరికే చూసి చెప్పలేను.

మా సీమలో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు తెలుసు. పాలపళ్ళ గిత్తలకు ఒక పోటీ, రెండు పళ్ళవాటికి ఒకటి, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. ఒక వర్గం గిత్తను ఇంకో వర్గంతో పోల్చరు. సంతలో కూడా అంతే, కొనేవాడు ముందు నోరు తెరిపిస్తాడు. ఎనిమిది పళ్ళూ వచ్చేశాక లెక్కతో పనిలేదు, అరుగుదల చూడాల.

అమెరికాలో కారుకు పళ్ళు అంటే విన్ నంబరు. అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద పదిహేడు అక్షరాలుంటాయి. పదోది మోడల్ సంవత్సరం: బి అయితే 2011, సి 2012, డి 2013, ఇ 2014. ఎనిమిదోది ఇంజన్. 2011 తర్వాతి మస్టాంగ్‌లో అక్కడ ఎఫ్ ఉంటే 5.0 లీటర్ల వి8, ఎం ఉంటే 3.7 లీటర్ల వి6. అమ్మేవాడు జీటీ బొమ్మ అతికించి జీటీ అన్నా ఆ అక్షరం అబద్ధం చెప్పదు. ఇక అరుగుదలంటే పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు. మీటరు 60 వేల మైళ్ళు చూపిస్తూ బ్రేకు పెడల్ నున్నగా అరిగి ఉంటే ఆ కారుకు దండం పెట్టి రావాల.

ఇప్పుడు తరాల సంగతి. మొదటిది 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో బయటికొచ్చింది. ధర 2,368 డాలర్లు. కింద ఉన్నది ఫోర్డ్ వాళ్ళ మామూలు ఫాల్కన్ కారు భాగాలే, పైన పొడవాటి ముక్కు, పొట్టి తోక. కుర్రోళ్ళకు అందే ధరలో అందమైన కారు, అంతే సూత్రం. రెండేళ్ళలోపే పది లక్షలు అమ్మినారు. ఇవాళ ఆ కార్లు పాత వస్తువులు కొనే ధనవంతులవి, విద్యార్థికి వాటితో పనిలేదు.

రెండో తరం, 1974 నుంచి 1978, మస్టాంగ్ టూ. అందరూ ఎగతాళి చేసే కారు. చిన్న పింటో కారు ఆధారంగా కట్టినారు, మొదటి ఏడాది వి8 లేనే లేదు. అయితే అది షోరూముల్లోకి వచ్చిన కొన్ని వారాలకే 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేసినాయి. బంకుల ముందు బారులు తీరిన జనం ఈ చిన్న కారునే కొన్నారు, మొదటి ఏడాదే 3 లక్షల 80 వేలకు పైగా. ఈ కారును తిట్టేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. అది లేకుంటే పేరే మిగిలేది కాదేమో.

మూడోది 1979 నుంచి 1993 వరకు నడిచిన ఫాక్స్ బాడీ. ఎనభైల్లో దీన్ని తీసేసి మాజ్డాతో కలిసి చేస్తున్న ముందుచక్రాల కారుకు మస్టాంగ్ పేరు పెట్టాలనుకున్నారు. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి గోల చేస్తే ఆ కారు ప్రోబ్ అనే పేరుతో వచ్చింది. ఫాక్స్ ఇప్పుడు గ్యారేజీలో సొంతంగా రిపేరు చేసుకునేవాళ్ళ కారు. అపార్ట్‌మెంటు పార్కింగులో జాకీ పెట్టనివ్వని చోట ఉండే మనవాళ్ళకు వద్దు.

నాలుగో తరం 1994 నుంచి 2004. మనవాళ్ళకు అందుబాటు ధరలో కనిపించేవి ఇక్కడి నుంచే. 1996లో జీటీకి పాత 5.0 ఇంజన్ పోయి 4.6 లీటర్ల ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్ వచ్చింది. దాని ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది. ముందువైపు ఆ ప్లాస్టిక్ లోంచే వేడి కూలెంట్ కూడా పోతుంది. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఒకరోజు పగుళ్ళిస్తుంది. తర్వాత ఆ భాగాన్ని అల్యూమినియంతో చేసినారు. మెటీరియల్ సైన్స్ పేపర్లో థర్మల్ ఫెటీగ్ రెండు మార్కుల ప్రశ్న అనుకునే మిత్రులకు ఇది చెప్తున్నా.

ఐదో తరం దగ్గర నేను ఆగుతాను, మా అన్న మనసు పడింది దీని మీదే కాబట్టి. 2005లో వచ్చింది, చూడటానికి అరవైల నాటి కారును గుర్తుచేస్తుంది. 2014 దాకా పైరూపం కొంచెం కొంచెమే మారింది, లోపల మాత్రం 2010 వరకు ఒక కారు, 2011 నుంచి ఇంకో కారు.

2005 నుంచి 2010 వరకు జీటీలో 4.6 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వుల వి8. తొలి ఏళ్ళ ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గు రెండు ముక్కలు అతికించి చేసింది. దాని పొడుగాటి కింది గొట్టం చుట్టూ మసి పట్టి హెడ్డుకు అతుక్కుపోతుంది. లక్ష మైళ్ళకు ప్లగ్గులు మార్చబోతే పైముక్క చేతికొస్తుంది, కింది ముక్క ఇంజన్లోనే ఉండిపోతుంది. దాన్ని పీకడానికి వేరే పనిముట్లు తయారుచేసి అమ్ముతున్నారంటే ఎంతమందికి జరిగిందో చూడండి. ఆ ఏళ్ళలోనే చౌక వి6 ఉంది, 4.0 లీటర్లు, 210 హార్స్‌పవర్. దానికి టైమింగ్ చెయిన్లు ముందూ ఉన్నాయి, వెనకా ఉన్నాయి. వెనకది చప్పుడు మొదలుపెడితే ఇంజన్ కిందికి దించాల్సిందే. గంటకు వంద డాలర్లకు పైగా కూలి ఉండే దేశంలో "ఇంజన్ దించాల" అనే మాటకు అర్థం మీరే లెక్కవేసుకోండి. మన ఆటోనగర్ కాదు కదా, సాయంత్రానికి టీ తాగుతూ చేసివ్వడానికి.

2011లో రెండు ఇంజన్లూ మారినాయి. జీటీకి 412 హార్స్‌పవర్ల 5.0, మామూలు కారుకు 305 హార్స్‌పవర్ల 3.7 లీటర్ల వి6. ఆటోమేటిక్ గేర్లతో హైవే మీద గ్యాలన్‌కు 31 మైళ్ళు ఇస్తుందని అమెరికా ప్రభుత్వ లెక్క. ఇదే 3.7 ఇంజన్ ఫోర్డ్ వాళ్ళ ముందుచక్రాల కార్లలో అడ్డంగా కూర్చుంటుంది, అక్కడ వాటర్ పంపు ఇంజన్ లోపల, టైమింగ్ చెయిన్ తిప్పుతుంది. కారితే కూలెంట్ ఆయిల్లో కలిసి ఇంజన్ పోతుంది. మస్టాంగ్‌లో ఇంజన్ నిలువుగా కూర్చుంటుంది, పంపు బయట ఉండి బెల్టుతో తిరుగుతుంది. ఒకే ఇంజన్, పెట్టిన తీరులో తేడా, రిపేరు బిల్లులో ఎంతో తేడా. నాకైతే ఇది ఏ హార్స్‌పవర్ అంకె కన్నా అందంగా కనిపిస్తుంది. ఆరు గేర్ల మాన్యువల్ మాత్రం నడిపి చూడందే తీసుకోవద్దు. చలిలో రెండో గేరు పడటం లేదని అప్పట్లో చాలామంది ఫిర్యాదులు చేసినారు.

ఆరో తరం 2015 నుంచి 2023. వెనక చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ అన్ని మోడళ్ళకూ వచ్చింది దీంట్లోనే. ఫ్యాక్టరీ నుంచే కుడి స్టీరింగ్‌తో కట్టడం కూడా దీంతోనే మొదలు, అందుకే 2016లో మన దేశంలోకి రాగలిగింది. అప్పటి ధర ఢిల్లీలో షోరూము దగ్గర 65 లక్షలు. మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీ నుంచి పూర్తిగా తయారై ఓడలో వచ్చింది. ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021లో చెప్పింది. "ఇక్కడ కొని ఇంటికి తెచ్చుకుంటా" అని కూడా మా అన్న ఒకరోజు అన్నాడు. ఎడమ స్టీరింగు, పదేళ్ళ పాత బండి, దిగుమతి నిబంధనలు దేనికీ ఒప్పుకోవు. అక్కడ కొన్నది అక్కడే అమ్ముకుని రావాల. ఏడో తరం 2023లో వచ్చింది, ఇంకా కొత్తది, మన చర్చలో లేదు.

కొర్వెట్, కెమారో గురించి అడిగేవాళ్ళకు ఒక్క మాట: కొర్వెట్‌కు సీట్లు రెండే. నలుగురు రూమ్మేట్లు ఇండియన్ స్టోరుకు పోయి ఇరవై పౌండ్ల సోనా మసూరి మూట తెచ్చుకునే జీవితంలో అది పనికిరాదు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగ్. 2005 నుంచి 2014 వరకు మస్టాంగ్‌లు టకాటా రీకాల్‌లో ఉన్నాయి. ఆ ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే మందు అమ్మోనియం నైట్రేట్. ఏళ్ళ తరబడి వేడి, తేమ తగిలితే ఆ బిళ్ళలు పాడై, గుద్దుకున్నప్పుడు కాలాల్సిన దానికన్నా వేగంగా కాలి, లోహపు డబ్బానే పేల్చి ముక్కలు మొహం మీదికి కొడుతుంది. ప్రాణాలు పోయినాయి. టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లో ఎండలో నిలిచిన కార్లకే ప్రమాదం ఎక్కువ. అమెరికా రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఆ పదిహేడు అక్షరాలు కొడితే మార్చినారా లేదా తెలుస్తుంది. మార్చకుంటే డీలరు ఉచితంగా మారుస్తాడు. పది నిమిషాల పని. బేరం ఆడటానికి ముందే చెయ్యాల్సిన పని.

తర్వాత టైటిల్ కాగితం. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ చుట్టుపక్కల లక్షల కార్లు మునిగినాయి. అలాంటి బండ్లు తుడిచి, ఇంకో రాష్ట్రానికి తోలి, మరకలేని కాగితంతో అమ్మేవాళ్ళుంటారు. మా వైపు కుందూ పొంగినప్పుడు మునిగిన మోటరును ఆరబెట్టి అమ్మజూస్తే రైతు ఎట్లా చూస్తాడు? వాసన చూస్తాడు, మూల బోల్టు తుప్పు చూస్తాడు. కార్లోనూ అంతే. సీటు కింద రైలు బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంత, సీటు బెల్టు చివరిదాకా లాగితే కనిపించే బురద గీత. సాల్వేజ్, రీబిల్ట్ అని రాసున్న కాగితమైతే అమ్మేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా వెనక్కి తిరగాల.

కరోలా వర్గం వాదనలో బలముంది. పెట్రోలు తక్కువ, అమ్మితే డబ్బు వస్తుంది. కానీ అందరూ అదే కొంటారు కాబట్టి దాని ధర దిగదు. అదే డబ్బుకు ఎక్కువ తిరిగిన, ఎక్కువ చేతులు మారిన కరోలా దొరుకుతుంది. పైగా వాళ్ళ మాటల్లో నాకు నచ్చనిది ఇంకొకటుంది: "అప్పు చేసి పోయిన పల్లెటూరి పిల్లోడికి మస్టాంగ్ ఎందుకు?" దున్నడానికి కాదు, ఒక్క పూట బండ లాగడానికి లక్షలు పోసి ఎద్దుల జత కొనే సీమ మాది. కోరిక మాకు కొత్తా? ఆ ఎద్దుల్ని కొనేవాడు పళ్ళు చూడకుండా కొనడు, మేపే స్తోమత చూసుకోకుండా తోలుకురాడు.

ఆ స్తోమత లెక్క చెప్తాను. ఎఫ్1 వీసా మీద సెమిస్టర్ జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. అమెరికాలో నడిపిన చరిత్ర లేని ఇరవై మూడేళ్ళ కుర్రోడికి ఇన్సూరెన్సు మోత. అదే కుర్రోడు వి8 జీటీ అంటే ఇంకా మోత. కారును అప్పు మీద కొంటే అప్పిచ్చినవాడు పూర్తి బీమా చెయ్యమంటాడు. సొంత డబ్బుతో కొంటే టెక్సస్‌లో ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే లయబిలిటీ బీమా చాలు, కానీ మన కారు పోతే మనదే నష్టం. అందుకే కారు చూడకముందే విన్ నంబరు ఇచ్చి బీమా ధర అడగాల. వెనక చక్రాలు తోసే కారు, తడి రోడ్డు, అలవాటు లేని కుడివైపు ప్రయాణం, కాలి కింద 400 హార్స్‌పవర్. మన పిల్లల ప్రమాద వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం, ఇంకా వివరించను.

మా అన్న ముందు ఇప్పుడు రెండు కార్లున్నాయి. 2007 జీటీ, లక్షా పన్నెండు వేల మైళ్ళు, 8,500 డాలర్లు. 2013 వి6 ఆటోమేటిక్, 88 వేల మైళ్ళు, 9,200. "జీటీ శబ్దం వింటే నువ్వు కూడా అదే అంటావురా" అని వాయిస్ మెసేజ్ పంపినాడు, ఇంజన్ శబ్దంతో సహా. బాగుంది, కాదనను. ప్లగ్గులు ఎప్పుడు మార్చినారో కాగితం అడుగన్నా అన్నాను. అమ్మేవాడి దగ్గర లేదట. ఇంకెందుకు మరి? 2013దానికి విన్‌లో పదో అక్షరం డి, ఎనిమిదోది ఎం, ఎయిర్‌బ్యాగులు రెండూ మార్చినట్టు చూపిస్తోంది. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్టు ఎక్కించి చూపించమన్నాను, ఆ ఫీజు పెద్దనాయన లెక్కలో రాయొద్దు, నీ క్యాంపస్ జీతంలోంచి ఇవ్వు అన్నాను. రిపేర్లకు 1,500 డాలర్లు పక్కన లేకుంటే ఈ రెండూ వద్దని కూడా చెప్పినాను. దానికి ఇంకా జవాబు రాలేదు.

పెద్దమ్మ మాత్రం ఫోన్ చేసి వెనక సీటు ఉంటుందా నాయనా అని అడిగింది. వాళ్ళు కాన్వొకేషన్‌కు పోవాలనుకుంటున్నారు. ఉంటుంది పెద్దమ్మా అన్నాను. ఆ సీట్లో పెద్దనాయన మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో అన్నే చెప్పాల.